తరగతిలో పెద్దక్క

అనంతపురం సీమ రైతు నడిగినచో మేఘమును గూర్చి ఒక శాస్త్రమే చెప్పగలడు. నైరుతి దిక్కునుండి వచ్చు మబ్బు పడమటి కనుమలమీదనే తన బరువంతయు దించుకొని, ఈ పీఠభూమికి చేరునప్పటికి ఉత్త నీడయై మిగులును. ఈశాన్యమునుండి వచ్చునది తీరప్రాంతమును తడిపి, ఇంతదూరము నడచుటకు ముందే అలసిపోవును. రెండు పంక్తులలోను చివరి విస్తరి ఈ సీమదే. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదియు అదనుకు రాదు. దేశములో మిక్కిలి తక్కువ వాన కురియు ప్రాంతములలో ఇదియొకటి యని ఇక్కడి బడిపిల్లలు సైతము ఎరుగుదురు.

కరవు వచ్చిన ఏట నష్టములను లెక్కవేయుటకు అధికారులు వత్తురు. వేరుసెనగ ఎన్ని ఎకరములలో ఎండినది, గొడ్లకు గ్రాసము ఎంత కావలెను, ఎన్ని బావులలో నీరు ఇంకినది అని పట్టీలు తయారగును. ఆ పట్టీలలో ఎన్నడును ఎక్కని నష్టమొకటి కలదు. అది బడి మానిన ఆడపిల్ల. తల్లిదండ్రులు సుగ్గికో, బెంగుళూరు కట్టడపు పనులకో వలస పోవుదురు. ఇంట ముసలవ్వను, చంటిపిల్లను చూచుకొనుటకు ఒకరుండవలెను. ఉండునది ఎవరో అడుగవలసిన పనిలేదు. ఒక్క ఏడు మానిన బడి మరల తెరువదు. ఆ వెనుక పెండ్లి, పెండ్లివెనుక పిల్లలు. 2011 జనాభా లెక్కలలో అవిభక్త అనంతపురం జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు నూటికి సుమారు 54 మంది మాత్రమే; పురుషులలో 73 మంది. ఈ రెండంకెల నడుమనున్న అంతరమునకు కరవొక్కటే కారణము కాదు. కాని ప్రతి కరవును దానిని మరికొంత లోతుగా త్రవ్వినది.

పదునైదు సంవత్సరములు గడచినవి. ఆ పిల్ల ఇప్పుడు ముప్పది యేండ్ల యిల్లాలు. కొడుకు ఆరవ తరగతిలో నున్నాడు. వాడు బిగ్గరగా పాఠము చదువుచుండగా వంటయింటిలో చేతులు పనిచేయుచుండును, చెవులు పాఠము వినుచుండును. వాడొక పదము తప్పుగా పలికినచో ఆమెకు తెలిసిపోవును. అప్పుడు ఎన్నడో మూతపడిన తలుపొకటి లోపల కదలును. పదవ తరగతి పరీక్షకు కూర్చుండవలెనని, వీలైనచో కళాశాల మెట్లెక్కవలెనని కోరిక పుట్టును. ఇట్టి తల్లులు ఈ సీమలో ఏ యూరనైనను కనబడుదురు.

ఆమెకు భయము పాఠమునుగూర్చి కాదు. కరవును దాటి సంసారము నడపిన స్త్రీకి బీజగణితము పులి కాదు. ఆమె భయము బల్లను గూర్చి. తన సగము వయసు పిల్లల నడుమ ఏ బల్లమీద కూర్చుండవలెను? వారు తన్ను ఏమని పిలుతురు? తనకంటె చిన్నవాడైన ఉపాధ్యాయుడు ప్రశ్న వేసినప్పుడు లేచి నిలువబడుటెట్లు? మధ్యాహ్నము అన్నపు గిన్నె ఎవరిప్రక్కన విప్పవలెను? "ఈ వయసులో నీకు సదువెందుకు తల్లీ?" అను మాట వీధిలో వినబడినప్పుడు ఎవరి ముఖము చూచి ధైర్యము తెచ్చుకొనవలెను? కళాశాలలో చేరుటకు దరఖాస్తు కాగితము చాలును. కళాశాలలో నిలుచుటకు తోడు కావలెను. ఆలస్యముగా చదువునకు వచ్చిన స్త్రీ చరిత్రయంతయు ఈ తోడును వెదకుకొన్న చరిత్రయే.

సోదరీ సంఘములు

ఈ అవసరము మన సీమదే కాదు. అమెరికా దేశమున విద్యార్థినులు ఏర్పరచుకొన్న సంఘములకు 'సొరోరిటీ' యని పేరు. లాటిను భాషలో 'సొరోర్' అనగా తోబుట్టువు. జార్జియా రాష్ట్రములోని మేకన్ పట్టణమున వెస్లియన్ మహిళా కళాశాల విద్యార్థినులు 1851లోనే అడెల్ఫియన్ అను సంఘమును స్థాపించిరి. 1874లో సిరక్యూసు విశ్వవిద్యాలయమున పుట్టిన గామా ఫై బీటా సంఘమును ఉద్దేశించి ఒక లాటిను పండితుడు 1882లో ఈ 'సొరోరిటీ' పదమును కూర్చెను. ఆనాడు పురుషుల కళాశాలలలో అడుగిడిన స్త్రీలు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారు. తరగతిలో ఒంటరులు, వీధిలో పరిహాసపాత్రులు. అందుచే వారు గ్రీకు అక్షరములను పేర్లుగా పెట్టుకొని, ఒక గుర్తును, ఒక ప్రమాణమును ఏర్పరచుకొని, క్రమముగా ఒకే యింట నివసించుచు, ఒకే బల్లయొద్ద భుజించుచు తోబుట్టువులైరి.

అయితే తలుపుగల యింటికి గడియ కూడ నుండును. ఈ సంఘములలో పెక్కు ధనమును, రంగును చూచి తలుపు తీసెడివి. నల్లజాతి విద్యార్థినులు వాషింగ్టనులోని హొవర్డు విశ్వవిద్యాలయమున 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా అను తమ సంఘమును తామే స్థాపించుకొనిరి. 1913లో అక్కడనే పుట్టిన డెల్టా సిగ్మా థీటా సభ్యురాండ్రు, ఆ సంవత్సరము మార్చి 3వ తేదీన స్త్రీల వోటుహక్కుకై వాషింగ్టను వీధులలో సాగిన ఊరేగింపులో పాల్గొనిరి. ఈ రెండు సంఘములలోను మరియొక మంచి పద్ధతి కలదు. కళాశాల విడిచిన పిదప గూడ సభ్యత్వము తీరిపోదు. చదువుకొన్న పెద్ద వయసు స్త్రీలను చేర్చుకొనుటకు పట్టభద్రుల శాఖలు వేరుగా నున్నవి. తోబుట్టువుతనమునకు వయఃపరిమితి యుండరాదని వారు గ్రహించిరన్నమాట.

మన కళాశాలలలో గ్రీకు అక్షరముల సంఘములు లేవు. కాని ఆ పని చేసినవి మనకును గలవు. ఒకటి స్త్రీ సమాజము, రెండవది విద్యార్థినీ వసతిగృహము. 1874లో జన్మించిన భండారు అచ్చమాంబ బడి మెట్లెక్కలేదు. బాల్యముననే వివాహమై, అత్తవారింటనే అక్షరములు దిద్దినది. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు తనయొద్ద నుండి చదువుకొనుచుండగా అతని చదువునుండియే తన చదువును సంపాదించినది. అట్టి యామె తాను నేర్చినదానిని మూటగట్టి దాచుకొనలేదు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజమును స్థాపించినది; 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసినది. 1905లో ముప్పది యొకటవ యేట మరణించుసరికే ఆమె చేసిన పని యిది. ఆలస్యముగా చదివినవారికి తొందర యెక్కువ. తాము పోగొట్టుకొన్న యేండ్లు ఇతరులు పోగొట్టుకొనకుండ చూడవలెనను తొందర యది.

ఒక పత్రికా ప్రకటన

వయసు మీరిన విద్యార్థిని యనగానే తెలుగువారికి జ్ఞప్తికి రావలసిన పేరు దుర్గాబాయి. 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించి, కాకినాడలో పెరిగిన ఈమెకు ఎనిమిదవ యేటనే వివాహమైనది. పెద్దదైన పిమ్మట ఆమె ఆ వివాహబంధమునుండి తొలగినది. ఇంగ్లీషు బోధనకు నిరసనగా బడి మానినది. హిందీ నేర్చి, పండ్రెండు పదమూడేండ్ల ప్రాయముననే కాకినాడలో బాలికా హిందీ పాఠశాల తెరచినది. అక్కడ చదువుకొన్నవారిలో ఆమె తల్లి కృష్ణవేణమ్మయు ఉండెను. బిడ్డ బోధింపగా తల్లి నేర్చుకొనుట! వయసును బట్టి గురుశిష్యుల వరుస నిర్ణయింపరాదను పాఠము ఆమె అప్పుడే నేర్చినది. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున నిలిచి, టిక్కెట్టు లేనందున జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనీయని బాలిక ఈమెయే. ఆ కథ పాఠ్యపుస్తకముల వలన అందరును ఎరిగినదే. తరువాతి కథ అంతగా తెలిసినది కాదు. ఉపాధ్యాయులు తరగతిలో చెప్పవలసినది అదియే.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చినది. 1933 లోపల ఆమె మూడుమారులు చెరసాలకు పోయినది. వెల్లూరు, మధుర జైళ్ళలో నుండినది. ఏకాంత శిక్షను గూడ అనుభవించినది. ఆ చెరలలో ఆమె చూచిన సాటి ఖైదీలు దేశభక్తులు మాత్రమే కారు. తమమీద మోపిన నేరమేమో, చట్టమేమి చెప్పునో, తమ పక్షమున ఎవరు మాటాడవలెనో తెలియని నిరక్షరాస్యలైన స్త్రీలు అక్కడ నుండిరి. వీరికొరకు చట్టము నేర్వవలెనని ఆమె సంకల్పించినది. చట్టము చదువవలెనన్న పట్టము కావలెను. పట్టమునకు ముందు మెట్రిక్యులేషను కావలెను. ఆమెకు అదియు లేదు. దేశమంతట పేరు వినబడుచున్న నాయకురాలు, ఇరువది నాలుగేండ్లు దాటిన స్త్రీ, ప్రసంగమునకు నిలిచినచో వేలమంది వినునట్టి వక్త, తిరిగి మొదటి మెట్టు దగ్గర నిలువబడవలసి వచ్చినది.

ఆమె నిలువబడినది. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు స్వయముగా చదివి ఉత్తీర్ణురాలైనది. అటుపై వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతి శాస్త్రము చదువగోరినది. అక్కడ అడ్డు వచ్చినది ఆమె వయసు కాదు, మార్కులు కావు. స్త్రీలకు వసతిగృహము లేకపోవుట. ఆడువారికి ఉండుటకు చోటు లేదు గనుక చేర్చుకొనుట కష్టమని అధికారుల సంశయము. చోటు ఏల లేదనగా, ఉండుటకు ఆడువారు లేరు గనుక. విత్తు లేక చెట్టు లేదు, చెట్టు లేక విత్తు లేదు అనునట్టి చిక్కు యిది. ఎన్నో తలుపులు ఈ చిక్కువలననే మూసియుండును.

దుర్గాబాయి ఈ చిక్కును విప్పిన విధము మిక్కిలి సామాన్యమైనది. పత్రికలో ఒక ప్రకటన వేయించినది. విశ్వవిద్యాలయమున చదువ నిచ్ఛయుండియు, వసతి లేకపోవుటచే ఆగిపోయిన యువతులు తనకు వ్రాయవలెనని దాని సారాంశము. వ్రాసినవారు కొద్దిమంది. ఆ కొద్దిమందియే చాలిరి. అందరును కలిసి తగిన చోటొకటి చూచుకొని వసతిగృహము నడపుకొనిరి. అధికారుల సంశయము తీరినది. తలుపు తెరచుకొన్నది.

ఈ సంఘటనలో ఒక విశేషము గమనింపదగినది. ఆనాటి తల్లిదండ్రులు పదునెనిమిదేండ్ల కూతురిని పరాయియూరికి పంపుటకు వెనుకాడువారు. అట్టివారికి, చెరసాలలు చూచి వచ్చిన స్త్రీ యొకతె ఆ యింట నుండుట ఎంత భరోసా! చిన్నపిల్లలు స్వయముగా అట్టి ప్రకటన వేయజాలరు. వేసినను వారి యింటివారు ఒప్పుకొనరు. వయసు మీరిన విద్యార్థిని మాత్రమే చేయదగిన పని యది. ఏ వయసు తరగతిలో సిగ్గునకు కారణమని తలచబడుచున్నదో, ఆ వయసే ఆ వసతిగృహమునకు పునాదిరాయి అయినది. తోడు దొరకనిచోట ఆమె తోడును నిర్మించుకొన్నది; ఆ నిర్మాణములో తనకంటె చిన్నవారికి నీడ దొరికినది.

ఆమె పట్టము పుచ్చుకొని, మద్రాసులో 1942లో న్యాయశాస్త్ర పట్టమును గూడ పొంది, ముప్పది మూడవ యేట న్యాయవాది యైనది. 1946లో రాజ్యాంగ సభ సభ్యురాలైనది. ఆ సభాధ్యక్ష వర్గములో స్థానము పొందిన ఏకైక మహిళ ఆమెయే. మెట్రిక్యులేషను లేని స్త్రీ చెరసాలలో చేసికొన్న సంకల్పమునకు, దేశ రాజ్యాంగ రచనకు నడుమ గడచినవి పదునైదేండ్లకు లోపు.

రెండేండ్లలో చదువు

దుర్గాబాయి కథ ఒక్క మనిషి సాహసముగా ముగిసియుండినచో దానిని మెచ్చుకొని ఊరకుండవచ్చును. కాని ఆమె తన మార్గమును ఇతరులకు బాటగా మార్చినది. 1937లో మద్రాసు మైలాపూరులో రూపొందిన ఆంధ్ర మహిళా సభ పనులలో ముఖ్యమైనది, బడియీడు దాటిన స్త్రీలను కాశీ మెట్రిక్యులేషనునకు సిద్ధపరచుట. వారిలో భర్తను పోగొట్టుకొన్నవారు, పుట్టింట భారమైనవారు, సంసారమునకు ఆధారము కావలసినవారు ఉండిరి. తాను ఒంటరిగా ఎక్కిన మెట్లను వారు పదుగురు కలిసి ఎక్కవలెనని ఆమె కోరిక.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఈ యనుభవమే జాతీయ పథకమైనది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె మొదటి అధ్యక్షురాలు. గ్రామములలో స్త్రీల కొరకు, బిడ్డల కొరకు పనిచేయుటకు గ్రామసేవికలు, నర్సులు, ఉపాధ్యాయినులు కావలసి వచ్చిరి. పట్టణములలో చదివిన యువతులు పల్లెలకు పోరు. పల్లెలలోని స్త్రీలకు కావలసిన చదువు లేదు. ఈ లోటును పూడ్చుటకై 1958లో మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించినది. బాల్యములో కొంత చదివి మానిన స్త్రీలను చేర్చుకొని, చాల సంవత్సరముల పాఠ్యమును సుమారు రెండేండ్లలో ముగించి, పరీక్షకు కూర్చుండబెట్టుట దాని పద్ధతి. స్వచ్ఛంద సంస్థలు నడపిన ఈ తరగతులలో పెక్కింటికి వసతిగృహము జతగా నుండెడిది.

ఎనిమిదేండ్ల చదువు రెండేండ్లలో ఎట్లు సాగును? సంశయించువారికి సమాధానము సులభము. పిల్లవానికి బజారు లెక్క చెప్పవలెనన్న ముందు బజారును చూపవలెను. బజారులో పదియేండ్లు బేరమాడిన స్త్రీకి చూపవలసినది లెక్క వ్రాయు పద్ధతి మాత్రమే. వడ్డీ పాఠమును ఆమె పుస్తకములో చదువకమునుపే షావుకారు అరుగుమీద చదివినది. వానలు, నేలలు, పంటలు అను భూగోళ పాఠము ఆమె అరికాళ్ళకు తెలియును. వయసు మీరిన విద్యార్థిని ఖాళీ పలక కాదు. అక్షరములు లేని గ్రంథము. అదే సంవత్సరము భారత ప్రభుత్వము స్త్రీవిద్యను విచారించుటకు నియమించిన జాతీయ సంఘమునకును దుర్గాబాయియే అధ్యక్షురాలు. 1981 మే 9వ తేదీన ఆమె మరణించినది.

మరల పీఠభూమికి

వాల్తేరునందు సముద్రము కలదు, మద్రాసునందు ధనము కలదు. మెరకనేలమీద ఈ మాటలు చెల్లునా యని అడుగవచ్చును. అనంతపురమునకు చదువు క్రొత్త కాదు. 1916లోనే ఇక్కడ దత్తమండల కళాశాల వెలసినది. ఈ ప్రాంతమునకు 'రాయలసీమ' యను పేరును 1928లో నంద్యాల సభలో ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావు ఈ కళాశాల తెలుగు పండితుడే. 1968లో పుట్టపర్తి సత్యసాయి సంస్థవారు పట్టణమున స్త్రీల కళాశాలను తెరచిరి. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. మరుసటి యేడు హైదరాబాదులో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, దేశములో ఆ జాతిలో మొదటిది, వెనుకటి చదువు లేనివారిని సైతము అర్హతాపరీక్ష ద్వారమున డిగ్రీలో చేర్చుకొన్నది. 1991లో స్థాపితమైన సార్వత్రిక పాఠశాల పదవ తరగతికి గరిష్ఠ వయఃపరిమితి లేకుండ చేసినది. 2004లో బడి మానిన బాలికల కొరకు కస్తూర్బాగాంధీ విద్యాలయములు వచ్చినవి.

అనగా తలుపులు తెరచియే యున్నవి. కొరత యెచ్చట? సార్వత్రిక విద్యలో పుస్తకము ఇంటికి వచ్చును, తోడు రాదు. ఆదివారపు తరగతికి పోవలెనన్న బస్సు ఛార్జీ, పిల్లవానికి జ్వరము, కాయ వలుచు పని, భర్త కనుబొమ్మ, ఇవన్నియు దాటవలెను. దాటిన పిమ్మట తరగతిలో నెవ్వరును తెలిసినవారు లేకున్నచో మరుసటి ఆదివారము జ్వరమే గెలుచును. ఒంటరిగా చదువు స్త్రీ మానుటకు ఒక్క కారణము చాలును. నలుగురు కలిసి చదువుచున్నచో మానవలెనన్న నలుగురికి జవాబు చెప్పవలెను. వేళకు బయలుదేరని దానిని ప్రక్కింటి యామె వాకిట నిలిచి, "ఏమక్కా, ఇంకా పొయ్యికాడనే ఉండావా?" అని కేకవేయును. ఆ కేకయే సొరోరిటీ.

ఇది ఊహ కాదని చూపుటకు పొరుగుననే సాక్ష్యము కలదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగుచున్న దినములలో, పగలు కూలి చేసికొన్న స్త్రీలు రాత్రి లాంతరు వెలుగున వాచకము చుట్టు చేరిరి. ఆ వాచకములో సారావలన చెడిన సంసారపు కథయు, స్త్రీలు ఏకమైన కథయు పాఠములై యుండినవి. 1992లో దూబగుంట గ్రామమున ఆ పాఠము చదివిన స్త్రీలు పుస్తకము మూసి, లేచి, సారా దుకాణమునకు అడ్డు నిలిచిరి. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతట వినబడినది. 1993లో సారాను, 1995లో మద్యమునంతటిని ప్రభుత్వము నిషేధించినది. సంపూర్ణ నిషేధము 1997లో సడలినను, ఆ స్త్రీలు కూర్చుండిన వలయము చెదరలేదు. పొదుపు సంఘములై అది జిల్లా జిల్లాకు ప్రాకినది. వ్రేలిముద్ర వేసిన చేయి సంతకమునకు మారినది. సారా దుకాణమును మూయించినది అక్షరమా, వలయమా? అక్షరము ఒంటరిగా ఆ పని చేసియుండదు. వలయము అక్షరము లేక అంతకుముందు ఎన్నియో యేండ్లు ఊరకయే యుండినది.

పొదుపు సంఘము అనంతపురం సీమలో నేడు ఏ పల్లెకును క్రొత్త కాదు. వారమున కొకమారో, నెలకు రెండుమారులో కూర్చుండు ఆ వలయము సిద్ధముగనే యున్నది. అప్పు పుస్తకము తెరచుచోట ఒక గంటసేపు పాఠ్యపుస్తకము తెరచుటకు వేరే భవనము అక్కరలేదు.

బల్లమీద చోటు

ఇంతమాత్రమున అక్కచెల్లెండ్రతనము దానంతటదియే పండునని అనుకొనరాదు. తరగతిలో ముప్పది యేండ్ల స్త్రీని చూచినప్పుడు పిల్లలు రెండు పొరపాట్లు చేయుదురు. కొందరు నవ్వుదురు. కొందరు ఆమెను తల్లిని చేసి దూరమున నుంచుదురు. పండుగనాడు వంట చెప్పుదురు, ఆటకు పిలువరు. రెండవది గౌరవమువలె కనబడును గాని అదియు వెలియే. పెద్ద విద్యార్థినియు పొరపాటు చేయును. తనకు లోకము తెలియునని ప్రతి మాటకు బుద్ధులు చెప్పినచో పిల్లలు ప్రక్కబల్లకు జరుగుదురు. అక్క యనగా అమ్మ కాదు, అత్త అంతకన్నను కాదు. పాఠము తెలియనప్పుడు చిన్నదానిని అడుగుటకు వెనుకాడనిదే అక్క. ఇంగ్లీషు వ్యాకరణము చెల్లెలు చెప్పును. పెండ్లి తొందర పెట్టుచున్న తండ్రికి ఏమని బదులు చెప్పవలెనో అక్క చెప్పును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటలో ఎవరికెవరు బాకీపడినదియు లెక్క తేలదు.

ఆ రెండవ సాయమునకు ఈ సీమలో వెలకట్టలేము. చదువు మానిన దానివలన ఏమి పోవునో పదునారేండ్ల పిల్లకు ఉపన్యాసము ఎవరైనను చెప్పగలరు. ఒకమారు మాని, పదునైదేండ్లు వగచి, తిరిగి వచ్చి తన ప్రక్కన కూర్చుండిన స్త్రీ నోరు విప్పకయే చెప్పును. ఆమె యున్న తరగతిలో బడి మానవలెనను తలంపు ఏ పిల్లకు కలిగినను, ఒక్కమారు ప్రక్కకు చూడక తప్పదు.

ఉపాధ్యాయులకు ఇందు గల పని చిన్నదే. ఆమెను 'మీరు' అని పిలుచుట, తప్పు చేసినప్పుడు పదిమంది యెదుట వయసు నెత్తకుండుట, వెనుక బల్లలో ఒంటరిగా కూర్చుండనీయక చురుకైన పిల్లనొకతెను ఆమెకు జతచేయుట, కోతదినములలో నాలుగు రోజులు రాకున్నచో పేరు కొట్టివేయుటకు ముందు కబురు పంపుట. విద్యార్థినులకును పని కలదు. మొదటి దినమున ఆమె తలుపు దగ్గర నిలిచి తరగతినంతటిని ఒకమారు చూచును. ఆ క్షణమున ఒక పిల్ల కొంచెము ప్రక్కకు జరిగి, "అక్కా, ఈడ కూచో" అనవలెను. విశ్వవిద్యాలయములు చేయజాలని పని ఆ మూడు మాటలు చేయును.

ఈ పీఠభూమి రైతుకు ఒక తెలివి కలదు. ఆషాఢము దాటినను వాన రాక వేరుసెనగకు అదను తప్పినచో, అతడు చేనును బీడు విడువడు. శ్రావణ భాద్రపదములలో ఒక్క పదునైనను దొరకునని ఎదురుచూచి, ఆ పదునున ఉలవ చల్లును. ఉలవకు ఆడంబరము లేదు. కొద్ది తేమతో మొలచును, మంచునకు పెరుగును, మనిషికి గుగ్గిళ్ళును గొడ్డుకు దాణాయు నగును. అదను తప్పిన చేనులో పండినదని ఉలవను ఏ యింటను చిన్నచూపు చూడరు. ఆలస్యముగా వచ్చిన వానను ఎట్లు వాడుకొనవలెనో ఎరిగిన సీమ యిది. ఆలస్యముగా వచ్చిన విద్యార్థినికి బల్లమీద జానెడు చోటు చూపుట ఈ సీమకు నేర్పవలసిన పని కాదు. జ్ఞప్తి చేసిన చాలును.